చివరి పేజీలో సున్న

పుస్తకాల బండి ఆ లోయకి రెండు వారాలకోసారి, మంగళవారం పదకొండింటికి వచ్చి చర్చి గోడ పక్కన అరగంట ఆగుతుంది. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని ఎక్కి తిన్నగా ఎడమవైపు రెండో అర దగ్గరికే పోతారు. అక్కడుండేవి డ్యూకుల కథలు. నూటయాభై ఏళ్ల కిందటి కోటలు, కొవ్వొత్తుల వెలుగులో నాట్యాలు, కోపిష్టి ప్రభువులు, వాళ్ల పొగరు అణిచే పేదింటి పిల్లలు. అట్టలన్నీ ఒక్క పోలికే కాబట్టి ఏది చదివారో ఏది చదవలేదో ఎవరికీ గుర్తుండదు. అందుకని చదివేసినవాళ్లు చివరి పేజీ అడుగున, పేజీ అంకె పక్కన, పెన్సిలుతో తమ గుర్తు పెట్టుకుంటారు. పాలవాడి భార్యది చేప, పోస్టాఫీసావిడది మూడు చుక్కలు. బండి తెచ్చే గార్సైడ్‌కి ఈ సంగతంతా తెలుసు, కానీ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

హిల్డా ఆల్డర్సన్‌ గుర్తు చిన్న అడ్డగీత. నలభై మూడేళ్లొచ్చాయి, పెళ్లి కాలేదు, తల్లితో ఉంటుంది. తొమ్మిదేళ్ల కిందట తల్లికి తుంటి విరిగింది. అప్పటినుంచి ఆవిడ మంచం కింది గదిలోకి మారింది, హిల్డా బతుకు ఆ మంచం చుట్టూ మారింది. మెట్లెక్కడం మాట దేవుడెరుగు, కుర్చీ దాకా రావాలన్నా కూతురి భుజం కావాలి. ఏదైనా కావలసి వస్తే చేతికర్రతో పైకప్పు మీద కొడుతుంది. పై గదిలో హిల్డా ఆ చప్పుడుకి ఎంత అలవాటు పడిపోయిందంటే, చప్పుడు లేనప్పుడు కూడా లేచి కూచునేది.

ఆ పుస్తకాల్లో హిల్డాకి నచ్చింది డ్యూకు కాదు. డ్యూకులు ఎలాగూ వంద పేజీల దాకా మొహం మాడ్చుకునే ఉంటారు. ఆమెకి నచ్చినవి తలుపులు. ఆ ఇళ్లలో ఆడపిల్ల నడిచి వస్తుంటే ఇద్దరు నౌకర్లు అటూ ఇటూ నిలబడి తలుపులు తెరిచేస్తారు. తను గడియ మీద చెయ్యి వెయ్యనక్కర్లేదు, వెనక్కి తిరిగి ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ వాక్యం వచ్చినప్పుడల్లా హిల్డా రెండుసార్లు చదువుకునేది.

తల్లికి ఆ పుస్తకాలంటే మంట. చెత్త అనేది, సిగ్గులేని రాతలనేది. అందుకే హిల్డా వాటిని పై గదిలో, మంచం కింద పెట్టెలో దాచుకునేది.

ఇంత ఒంటరితనంలోనూ ఆమెకొక స్నేహితురాలుంది. ఎవరో తెలియదు. బండిలో పుస్తకం తీసి చివరి పేజీ చూస్తే, తన అడ్డగీత ఉన్న ప్రతిచోటా అంకె చుట్టూ ఒక సున్న ఉండేది. తన గీత లేనిచోట ఆ సున్న కూడా ఉండేది కాదు. ఎగువన ఏ పొలం ఇంట్లోనో తనలాంటిదే ఒక మనిషి ఉందనీ, తను మెచ్చినవే ఏరి చదువుతోందనీ హిల్డా అనుకుంది. చలికాలం సాయంత్రాలు అంట్లు తోముకుంటూ ఆ సున్నావిడతో మనసులో కబుర్లు చెప్పుకునేది. ఒక్కసారి ఎదురుపడితే చాలు, చెయ్యి పట్టుకుని టీకి తీసుకురావాలనుకునేది. ఎక్కడికి తీసుకొస్తుంది, తల్లి మంచం పక్కకా?

ఆరు వారాల కిందట గార్సైడ్ ఆమెకొక ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. చినిగిన పుస్తకాలను హిల్డా పిండి జిగురుతో అతికించి తిరిగిస్తుంటే చూసి, పట్నంలో పెద్దలకి చెప్పింది అతనే. అక్కడి గ్రంథాలయంలో పుస్తకాలు బాగుచేసే పని, పైన ఉండడానికొక గది ఇస్తామని రాశారు. జవాబు ఇవాళ్టి బండికల్లా ఇవ్వాలి. రెండు కాగితాల ఆ ఉత్తరాన్ని హిల్డా పెట్టెలో పుస్తకాల అడుగున పెట్టింది. మర్నాడు బుధవారం, ఎప్పటిలాగే బస్సులో సంతకి వెళ్లొచ్చింది. గురువారం పొద్దున తల్లికి గుండెదడ మొదలైంది.

డాక్టరు మూడుసార్లు వచ్చాడు. గుండెలో తేడా ఏమీ వినిపించడం లేదని అన్నాడు, వయసు కదా అని కూడా అన్నాడు. తల్లి మాత్రం కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుని, తనని వదిలి వెళ్లొద్దని వారానికి రెండు మూడుసార్లు అంటూనే ఉంది. ఎక్కడికి వెళ్తాను అని హిల్డా నవ్వేది. 

అందుకే ఇవాళ పొద్దున కూచుని, రావడం కుదరదని నాలుగు ముక్కలు రాసేసింది. రాశాక కాసేపు కిటికీ లోంచి రాతిగోడల కేసి చూస్తూ ఉండిపోయింది. కవరు మీద చిరునామా రాయడానికి పెట్టెలోంచి పట్నం ఉత్తరం తీసి రెండో కాగితం తిప్పింది.

అడుగున ఉన్న రెండో పేజీ అంకె చుట్టూ పెన్సిలు సున్న ఉంది.

మొదట ఆమెకి నవ్వొచ్చింది. సున్నావిడ ఇక్కడికెలా వచ్చిందని. ఆ తర్వాత పెట్టె పూర్తిగా బయటికి లాగింది. పెట్టెలో ఉన్న నాలుగు పుస్తకాల చివరి పేజీలూ తిరగేసింది. తను గీత పెట్టినవి రెండు, రెండింటికీ సున్న ఉంది. చదివి ముగించిన ప్రతిదానికీ గుర్తు పెట్టే అలవాటు తల్లి చేతిలో అలా ఉండిపోయింది, ఉత్తరమని కూడా చూసుకోలేదు. పద్నాలుగు మెట్లు. ఇన్నేళ్లూ తను సంతకి వెళ్లిన ప్రతి బుధవారం.

హిల్డా కిందికి దిగి ఆ కాగితాన్ని తల్లి దుప్పటి మీద పెట్టింది. తల్లి సున్నని చూసింది, కూతుర్ని చూసింది. చెయ్యి గుండె మీదికి వెళ్లబోయి సగంలో ఆగిపోయింది.

"ఎన్నాళ్లయిందమ్మా నడవబట్టి?"

తల్లి ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. "తుంటి అతుక్కున్న ఏడే. చెబుదామనే అనుకున్నా. నువ్వు టీ పట్టుకొచ్చి దిండు సర్దావు. రేపు చెబుదాంలే అనుకున్నా."

"అన్నీ చదివావు. నాతో మాత్రం సిగ్గులేని రాతలన్నావు."

"చదివాను కాబట్టే భయం." తల్లి గొంతులో మొదటిసారి దబాయింపు లేదు. "ఆ కథల్లో పిల్ల తల్లి ఎప్పుడూ మొదటి పేజీలోనే చచ్చిపోయి ఉంటుందే. ఆ తర్వాతే పిల్లకి తలుపులు తెరుచుకుంటాయి. బతికున్న తల్లిని ఏం చెయ్యాలో ఒక్క పుస్తకంలోనూ రాయలేదు, అన్నీ వెతికాను."

హిల్డాకి అరవాలనిపించింది. అదే క్షణంలో, ఇన్నేళ్లూ తను టీకి పిలవాలనుకున్న మనిషి ఈవిడేనని తట్టింది, ఆ తట్టడమే ఎక్కువ నొప్పి పెట్టింది. ఒకే ఇంట్లో పైనొకరు, కిందొకరు కూచుని ఇద్దరూ ఒకే పుస్తకానికి ఏడ్చారు. దాన్ని క్షమించడమెలాగో ఆమెకి తెలియలేదు. క్షమించాలని ఆ పూటకి అనిపించనూ లేదు.

చర్చి దగ్గర బండి హారన్ మోగింది. తల్లి వద్దనలేదు. వెళ్లమనీ అనలేదు. హిల్డా పొద్దున రాసిన జవాబు చింపి పొయ్యిలో వేసి, వస్తున్నానని కొత్తది రాసి, పుస్తకాలు బుట్టలో వేసుకుంది. వీధి తలుపు గడియ తొమ్మిదేళ్లుగా బిగుసుకుంటూనే ఉంది, భుజంతో నెడితే గానీ రాదు. నెట్టింది.

గార్సైడ్ ఉత్తరం అందుకుని కవరు కేసి, ఆమె మొహం కేసి చూశాడు. అవునా కాదా అని అడగలేదు, అతనికి అర్థమైనట్టే ఉంది. పుస్తకాల మీద ముద్రలు వేస్తూ ముఖ్యమైన మాట అడిగాడు.

"మరి అమ్మగారికి పుస్తకాలు కావాలంటే ఎలాగండీ? నేను బండి వదిలి ఇంటిదాకా రాలేను కదా."

తను తిరిగిచ్చే పుస్తకాల్లో ఆ సున్న ఎవరిదో అతనికి ముందునుంచీ తెలుసన్నమాట. హిల్డా వెనక్కి తిరిగి చూసింది. వీధి చివర తమ ఇంటి కింది గది కిటికీలో తెర పక్కకి జరిగి ఉంది. తల్లి చేతిలో కర్ర లేకుండా, రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడి ఇటే చూస్తోంది.

"ఆవిడే వస్తుందండీ," అంది హిల్డా. "నడవగలదు."