ఎనిమిదో ఇంజను ఎరుపు

ఆదివారం ఉదయం పదకొండూ పదికి ఎనిమిదో ఇంజను మలుపులో పట్టాలు తప్పి, పక్కనున్న సిగ్నల్ స్తంభానికి రాసుకుంది. ఎరుపు మీద అంగుళం పొడవున గీత పడింది. గీత లోపల అడుగుపూత కనిపించింది.

ఆ సమయానికి మేడమీద గదిలో నలుగురున్నారు. ఇంజను నడుపుతున్న భర్త, నమూనా రైళ్ల సంఘం పంపిన పరీక్షకుడు, కిటికీ దగ్గర కుర్చీలో అత్తగారు, టీ కప్పుల ట్రేతో గుమ్మంలో ఆమె.

"కంగారేం లేదు సార్," అన్నాడు పరీక్షకుడు. "రంగు వేసినవాళ్లే మా ఎదుట ఓ చిన్న మరమ్మతు చేసి చూపించాలని మా నిబంధన. ఎలాగూ నేనే ఎక్కడో గీరి అడిగేవాణ్ణి. ఆ పాపం మీ సిగ్నల్ కట్టుకుంది. కానివ్వండి."

భర్త నవ్వాడు. ఇంటికొచ్చినవాళ్ల ముందు చేతికందాల్సిన వస్తువు అందనప్పుడు నవ్వే నవ్వది. "ఇదిగో, ఆ రంగుల పెట్టె ఇలా పట్రా," అన్నాడు.

పెట్టె వంటగదిలో గట్టు కింద ఉంటుంది. ఆమె ట్రే గుమ్మం దగ్గర దించి, కిందికి వెళ్లి తెచ్చిచ్చి, మళ్లీ ట్రే అందుకుంది.

ఈ గదిలోని రైల్వే ఏ దేశంలోనూ లేదు. భర్త పదకొండేళ్లుగా కట్టుకుంటూ వచ్చాడు. ముప్పై రెండు స్టేషన్లు. వాటికి బాబాయిల పేర్లు పెట్టాడు, మేనమామల పేర్లు పెట్టాడు, చచ్చిపోయిన కుక్క పేరు మీద కూడా ఓ హాల్టు కట్టాడు. నా పేరేదీ అని ఆమె ఒకసారి అడిగితే, పట్టాలైపోయాయన్నాడు. ఇంజన్లకు రంగులు మాత్రం ఆమెవి. కార్ల రంగుల షాపులో ఆమెది రంగు కలిపే ఉద్యోగం, సొట్టపడిన తలుపుకి పాత రంగుతో కలిసిపోయే రంగు తయారుచేసివ్వాలి. సాయంత్రం ఇంటికొచ్చి, పొయ్యి మీద ఏదో ఉడుకుతుండగా, ఆ గట్టు మీదే ఇంజన్ల బొమ్మలు గీసేది. ఏ కాలంలో ఏ రంగు, ఏ పట్టీ ఎంత వెడల్పు, ఎరుపుకీ మీగడ రంగుకీ మధ్య సన్నటి బూడిద గీత ఎందుకు - అన్నీ ఆమె తేల్చినవే. ఆ గీత లేకపోతే మూడడుగుల దూరం నుంచి ఎరుపు మీగడ రంగులోకి పాకినట్టుంటుంది. పద్నాలుగు ఇంజన్లు అలా తయారయ్యాయి. "రైలంటే పట్టాలూ, కరెంటూ. రంగుదేముంది, గోడకి సున్నం లాంటిది," అనేవాడు భర్త. "ఇంట్లో ఈ కంపేమిటే, మింగే ముద్దలో కూడా టిన్నరు వాసన," అనేది అత్తగారు. సంఘం ఉత్తరం వచ్చినరోజు దాన్ని మొదట చదివింది ఆమె. ఊళ్లో కొత్తగా కట్టే ప్రదర్శనశాలలో నలభై ఇంజన్లకు రంగులు కావాలి, ఎంపికైన రూపకర్తకి పనిగది ఇస్తారు, తాళంచెవి ఆ రూపకర్త దగ్గరే ఉంటుంది. తాళంచెవి అన్న మాట దగ్గర ఆమె ఆగి మళ్లీ చదివింది. సాయంత్రం భర్త దరఖాస్తు నింపాడు. రూపకర్త అన్నచోట తన పేరు రాసుకున్నాడు. "ఎవరి పేరైతేనేం, ఇంట్లోదే కదా. నువ్వు ఇక్కడే గీసిపెట్టు, నేను పట్టుకెళ్తా," అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. అనలేదన్న సంగతి మూడు వారాలుగా ఆమెను తినేస్తోంది.

భర్త పెట్టె తెరిచాడు. నలభై సీసాలు. మూతల మీద చీటీలు ఆమె రాతలో ఉన్నాయి, ఏ రంగు ఎక్కడ చూసిందో ఆ పేర్లే. స్కూలు గేటు. బస్సు వెనక. గడియ తుప్పు. అత్తయ్య ఫ్లాస్కు. ఎరుపులే ఆరున్నాయి.

అతను తల తిప్పి ఆమెను చూశాడు. పెళ్లిళ్లలో ఎదురైన మనిషి ఎవరో గుర్తురానప్పుడు ఇలాగే చూస్తాడు. ఆమె చెవిలో చెబుతుంది, అతను వెంటనే చేతులు చాస్తాడు. ఈసారి ఆమె ట్రేలోని కప్పుల వంక చూసింది.

అతను స్కూలు గేటు మూత తీసి, కుంచెతో కొంచెం రంగు తీసి ఇంజను పక్కన పెట్టి చూశాడు. తేలిపోయినట్టుంది. మూత పెట్టేశాడు. గడియ తుప్పు తీశాడు. తడి మీద సరిగ్గా సరిపోయింది. గీత మీద వేశాడు.

అసలైనది స్కూలు గేటు. ఆ రంగు తడిలో పలచగా కనిపిస్తుంది, ఆరితే ముదురుతుంది. షాపులో చేరినవాళ్లకి మొదటిరోజు చెప్పే పాఠం అదే. పూత ఆరడానికి ఆరు నిమిషాలు పడుతుంది. ఆమె గోడగడియారం చూసింది. ఆపడానికి ఆరు నిమిషాలున్నాయి. ఆపితే భర్త పరువు దక్కుతుంది, పనిగది అతనిదవుతుంది. ఆపకపోతే గది ఎవరికీ దక్కదు.

పరీక్షకుడు టీ తాగాడు. భర్త పట్టాల వోల్టేజి గురించి మాట్లాడాడు. నాలుగో నిమిషానికి ఎరుపు మీద మచ్చ తేలింది. ఆరో నిమిషానికి అది గోధుమరంగులోకి దిగింది.

పరీక్షకుడు భూతద్దం తీశాడు. "ఇదేంటి సార్?"

"ఈవిడండీ," అన్నాడు భర్త. "సర్దుతానని సీసాలన్నీ కలిపేస్తుంది. ఒక్క వస్తువు పెట్టినచోట ఉండనివ్వదు."

అత్తగారు కుర్చీలోంచి ముందుకి వంగింది. ఆవిడకి కోపమొచ్చింది కోడలి మీదే. "ఏమ్మాయ్, వాడికేం తెలుసు ఏ సీసాలో ఏముందో? రోజూ కలిపేదానివి నువ్వు, పూసేదానివి నువ్వు. వచ్చిన పెద్దమనిషి ముందు వాడు మాటపడకుండా, ముందే చెప్పొద్దూ?"

అత్తగారు కొడుకు మొహం చూసి చీరకొంగు సర్దుకుంది.

పరీక్షకుడు ఆమె వైపు తిరిగాడు. "రంగులు మీవామ్మా?"

భర్త కళ్లతోనే వద్దన్నాడు. తర్వాత నోటితో, "ఏదో సాయం చేస్తుందండీ," అన్నాడు.

ఆమె ట్రే పక్కన పెట్టింది.

"రంగులు నావండి. పట్టీలూ గీతలూ నావి. పట్టాలు ఆయనవి, అవి బాగా వేశారు. స్టేషన్లూ ఆయనవే."

"ఇంట్లో మాట ఇంట్లో..." అన్నాడు భర్త.

"ఇది ఇంట్లో మాట కాదండీ, దరఖాస్తులో మాట."

ఆమె కూర్చుంది. దూదిని టిన్నరులో ముంచి గోధుమ మచ్చని తుడిచింది. స్కూలు గేటు మూత తీసి, మూడు చుక్కలు పళ్లెంలో వేసింది. కుంచె ఒక్కసారే లాగింది. తడిలో అది తేలిపోయినట్టే ఉంది. భర్త చూసి, "చూశారా, అదీ కలవలేదు," అన్నాడు.

"ఆరనివ్వండి," అంది ఆమె.

ఆరు నిమిషాలు గడిచాయి. ఆరనిచ్చాక పరీక్షకుడు భూతద్దం పెట్టాడు. గీత ఎక్కడ పడిందో కనిపెట్టలేక, ఆమెనే వేలితో చూపించమన్నాడు. చూపించింది. పరీక్షకుడు దరఖాస్తు తీసి, రూపకర్త అన్నచోట ఉన్న పేరు కొట్టేశాడు.

"మీ పేరమ్మా?"

ఆమె చెప్పింది. ఆయనకి సరిగా వినబడలేదు, ఇంకోసారి అడిగాడు. ఆమె గొంతు పెంచి చెప్పింది. ఆయన రాసుకుని, కాగితం ఆమె వైపు తిప్పి, అక్షరాలు సరిచూసుకోమన్నాడు. రెండో అక్షరానికి దీర్ఘం లేదు. కలం తీసుకుని ఆమె పెట్టింది.

అప్పటికి పదకొండూ నలభై ఐదయింది.