రెండు వేళ్ల కొలత

మా అన్నయ్య పొలం కొండవాలు మీద ఉంది. వానలు ఆగిన వారానికి ఏటా నేను కొలబద్ద, నోటుపుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్తాను. నేలల పరిశోధన కేంద్రంలో నాది కొలతలు తీసే ఉద్యోగం. వాలు పొలాల్లో జానెడు పొడవు ఇనుప చువ్వల్ని వరసలుగా పాతుతాం, రెండు వేళ్ల మేర మాత్రం పైకి కనిపించేలా. వాననీటికి మన్ను కొట్టుకుపోయినకొద్దీ చువ్వ బయటపడుతుంది. ఎంత బయటపడితే అంత నేల పోయినట్టు. ఇందులో పెద్ద చదువేమీ లేదు. ఓపికగా వంగి చూడాలి, చూసింది రాయాలి.

చుట్టుపక్కల పొలాలన్నిటిలో ఏటేటా మన్ను పోతూనే ఉంది. అన్నయ్య పొలంలో మాత్రం ఏడేళ్లుగా అవే రెండు వేళ్లు. సరిగ్గా చూశావా అని మా శాస్త్రవేత్త మేడం ఒకటికి రెండుసార్లు అడిగారు. చూశానన్నాను. మూడేళ్ల కిందట, వాలుకు అడ్డంగా రాతికట్టలు వేయడానికి పొలాల జాబితా తయారైనప్పుడు, అన్నయ్య పేరు పక్కన 'అవసరం లేదు' అని నా చేత్తోనే రాశాను. రాసి సంతోషపడ్డాను కూడా. అన్నయ్య ఎవరినీ నొప్పించని మనిషి. దేవుడే ఆ పొలానికి కాపు కాస్తున్నాడనుకుని రోజూ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకునేవాణ్ణి. దిగుబడి తగ్గుతోందని అన్నయ్య అన్నప్పుడల్లా విత్తనాన్ని అనుమానించాం, వానను తిట్టుకున్నాం. నేలను అనుమానించలేదు. దాని కొలత నా పుస్తకంలో ఉంది కదా.

ఈ ఏడు వెళ్లేసరికి చువ్వలన్నీ మొలకల్లా పైకి లేచి ఉన్నాయి. పై వరసలో నాలుగేసి వేళ్లు. ఎవరైనా పీకారేమోనని ఒకదాన్ని కదిపి చూశాను. కదల్లేదు.

ఇంటికి వెళ్తే అన్నయ్య మంచం మీద ఉన్నాడు. నెల రోజులుగా నడుం పట్టేసిందట. చువ్వల సంగతి అడగగానే వదిన నవ్వింది.

"ఈసారి వాటి పని కాలేదు మరిదిగారూ. ఏటా మీరొచ్చే ముందు రోజు మీ అన్నయ్య సుత్తి పట్టుకుని బయల్దేరతారు కదా. వాటికి చేసిన సేవలో సగం నా మోకాళ్లకు చేసుంటే ఈపాటికి పరుగులు పెట్టేదాన్ని."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అన్నయ్య, చాటుగా చేసిన ఉపకారం బయటపడ్డట్టు సిగ్గుపడ్డాడు.

"కదలకూడదన్నావు కదరా. మొదటి ఏడే పైకి లేచాయి. నువ్వు సరిగ్గా పాతలేదని ఆఫీసులో అంటారేమోనని దిగ్గొట్టాను. పక్కన రెండు వేళ్లు పెట్టి చూసుకుని మరీ కొట్టాను."

చువ్వలు పాతిన ఏడు మిగతా రైతులందరినీ కూర్చోబెట్టి ఆ చువ్వ ఎందుకో, అది పైకి తేలితే ఏమిటో విడమరిచి చెప్పాను. అన్నయ్యకు చెప్పలేదు. సొంతవాడికి చెప్పేదేముందిలే అనుకుని, జాగ్రత్త అన్నయ్యా, అవి కదలకూడదు అని వచ్చేశాను. ఆయన ఆ ఒక్క మాటా ఏడేళ్లు నిలబెట్టాడు.

పై వరస మాత్రం నాలుగేళ్లుగా మొండికేసిందట. కింద రాయి తగిలి ఎంత కొట్టినా దిగనంటే, పైన రంపంతో కోసేశాడు. ఆఫీసు సొమ్ము కదా అని కోసిన ముక్కలు పారేయలేదు. వదిన ఒక రేకు డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. వేలెడంత కూడా లేని ఇనుప ముక్కలు, తుప్పు పట్టినవి కొన్ని, ఇంకా మెరుస్తున్నవి కొన్ని. ఏదైనా తక్కువైందా అని అన్నయ్య అడిగాడు. లేదన్నాను.

మర్నాడు ఆ డబ్బా మేడం ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. అదే కష్టంగా అనిపించింది. ముక్కల్ని బల్ల మీద పేర్చి ఒక్కొక్కటీ కొలిచారు. ఏడేళ్లలో ఆ పొలం గురించి మా ఆఫీసుకు చేరిన నిజం ఆ ముక్కలే. కింది వరసల్లో ఎంత పోయిందో ఇక ఎవరికీ తెలియదు. కట్టల జాబితాలో అన్నయ్యను ఇప్పుడైనా చేర్చమని బతిమాలాను. జానెడులో కోసిందీ, పైకి తేలిందీ పోగా పై వరస చువ్వ నేలలో ఇంకా ఎంత ఉందని అడిగారు. నాలుగు వేళ్లు. దాని కింద? రాయి.

"కట్ట ఉన్న మన్నును ఆపుతుందయ్యా. అక్కడ ఆపడానికి ఏం మిగిలింది?"

పై సగం సాగుకు పనికిరాదని రాయాలన్నారు. కింది సగాన్ని మళ్లీ మొదటి నుంచి కొలిచాకే చూస్తామన్నారు. రాయమని పుస్తకం నా వైపే జరిపారు.

ఆ ఉదయం, ఆఫీసుకు బయల్దేరే ముందు, ఎప్పటిలాగే ప్రార్థనకు కూర్చున్నాను. ఏడేళ్లు నేను చెప్పుకున్న కృతజ్ఞత ఎవరికి చేరిందో. కాపు కాయలేదేమని దేవుణ్ణి అడుగుదామనుకున్నాను. కానీ ఆయన ఏటా చువ్వను పైకి తేల్చి చూపిస్తూనే ఉన్నాడు. అంతకంటే ఎలా చెప్తాడు?

సాయంత్రం అన్నయ్యకు అంతా చెప్పాను, ఈసారి విడమరిచి. వదిన ఏ ఎత్తిపొడుపూ లేకుండా గోడకానుకుని కూర్చుంది. అన్నయ్య తన రెండు వేళ్లూ దగ్గరగా పెట్టి చాలాసేపు చూసుకున్నాడు.

"పోనీ, పై వరస మళ్లీ కొత్తగా పాతరా. ఈసారి ముట్టుకోను."

కొత్త చువ్వ జానెడు ఉంటుంది.

"దిగదు అన్నయ్యా," అన్నాను.