కడగని ఆల్చిప్పలు

ఏటి నీళ్లలో ఏ దోషమూ లేదని కాగితం చదివి వినిపించిన అధికారి, గొంతు తడుపుకోవడానికి సీసా నీళ్లు తాగాడు. వాడంతా చూసింది.

ఏట్లో ఆల్చిప్పలు ఏరి అమ్ముకునే బతుకు ఆల్చిప్పల అవ్వది. కాంట్రాక్టరు మురుగు గొట్టాన్ని ఏట్లోకి తిప్పినప్పటి నుంచి వాడలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆమె మనవరాలు పది రోజులుగా ఆసుపత్రి మంచం మీదే ఉంది.

దారి చూపింది వాడలోని కాలేజీ పిల్ల. ఆల్చిప్ప రోజంతా నీళ్లు పీల్చి వదులుతుందనీ, కంటికి కనబడని రోగపు పురుగు దాని ఒంట్లో చిక్కుకుంటుందనీ చెప్పింది. గొట్టం దగ్గర వల సంచుల్లో ఆల్చిప్పలు కట్టించి, నెల తర్వాత ఒక సంచిని అవ్వ చేత తీయించి పరీక్షకు పంపించింది. తీరా వచ్చిన కాగితం ఇదీ!

"పంపేముందు ఏం చేశావవ్వా?"

"ఎప్పుడూ చేసేదే. రెండు రోజులు మంచినీళ్లలో వేసి, పూటపూటకీ నీళ్లు మార్చి ఇసుక కక్కించా. మురికివి పంపితే పరువు పోదుటే?"

పిల్ల తల పట్టుకుంది. "ఇసుకతో పాటు పురుగుల్నీ కక్కేసుంటాయి!"

"నా చేతులు విరగ!" అవ్వ కూలబడింది. నలభై ఏళ్ల పనితనమే కొంప ముంచింది.

సాయంత్రం మీటింగులో బండి మావయ్య పెదవి విరిచాడు. "కొండను పొట్టేలు ఢీకొంటే విరిగేది కొమ్ములే."

"చేతులు ముడుచుక్కూచుంటే చచ్చేది పిల్లలు!" ఎవరో తల్లి అరిచింది. "ఇంకో సంచి ఏట్లోనే ఉందిగా, తీద్దాం."

తెల్లారి వాడంతా ఏటికి కదిలింది. గట్టు మీద పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. ఏట్లో దిగకూడదని పైనుంచి ఆర్డరట. జనం నీరుగారిపోయి నిలబడిపోయారు. అప్పుడే అవ్వ కొడుకు ఆసుపత్రి నుంచి వచ్చాడు. వట్టి చేతులతో వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు.

"పోయిందమ్మా."

అవ్వ ఏడవలేదు. కొంగు బిగించి, లాఠీల మధ్య నుంచే నీళ్లలో దిగింది. ఆమె వెనక ఆడవాళ్లంతా దిగారు. లాఠీలు లేచాయి. అవ్వ విప్పి తీసిన సంచి పక్కావిడ చేతికి, అక్కణ్నుంచి ఇంకొకరికి, బురద కారుతూ గట్టు మీది కాలేజీ పిల్లదాకా చేరింది.

అవ్వను జుట్టు పట్టుకుని వ్యాన్‌లోకి తోశారు. కమ్మీల వెనక నుంచి ఆమె గొంతు వినబడింది.

"కడక్కండర్రా! నా తల్లి మీద ఒట్టు, చుక్క నీళ్లు పొయ్యకండి!"