తొంభై సెకన్లు ఆగు

నేను ఒక స్టార్టప్ స్క్రిప్టును. అంటే చోడవరం దగ్గర ఒక పాల కేంద్రంలోని లైనక్స్ కంప్యూటర్‌లో కూర్చుని, కరెంటు వచ్చినప్పుడల్లా లోపలివాళ్లందరినీ నిద్రలేపే నూట నలభై వరుసల రాతను. పన్నెండేళ్ల కిందట భానోజీరావు గారు నన్ను రాశారు. ఒక చేత్తో వేరుశనగలు తింటూ రాశారు కాబట్టి, నాలో తప్పులుంటే ఆ పూచీ నాది కాదు.

నా పద్ధతి ఒక్కటే. ముందు డేటాబేస్‌ని లేపాలి. అది ఒళ్లు విరుచుకుని లేచేదాకా నెట్‌వర్క్ ఆగాలి. ఆ తర్వాత పాల కొలత చూపే బోర్డు, ఆ తర్వాత ప్రింటరు. బోర్డు కోసం ప్రింటరు ఎందుకాగాలని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మధ్యలో ఒక వరుస ఉంది: తొంభై సెకన్లు ఆగు. పక్కనే భానోజీరావు గారి హెచ్చరిక: తియ్యొద్దు. ఎందుకో మాత్రం రాయలేదు. మొత్తానికి తొమ్మిది నిమిషాలు పట్టేది. ఈలోపు ఆపరేటర్ రత్నమాణిక్యం టీ తాగేది, క్యాన్లు ఎండలో కాగేవి. రెండుసార్లు పాలు విరిగాయి కూడా. బాధగానే ఉండేది గాని, వరుస తప్పడం నాకు చేతకాదు.

మొన్న వేసవిలో హసీనా అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. నన్ను చదివి నిట్టూర్చి, కొత్త మేనేజర్‌ని పెట్టింది. అదీ నాలాంటి ప్రోగ్రామే, కానీ అందరినీ ఒకేసారి లేపుతుంది. ఎవరికి ఎవరు కావాలో వాళ్లకోసం మాత్రమే ఆగుతారు. నా పేరు చివర 'పాతది' అని తగిలించి నన్ను మూలన పడేసింది. నలభై సెకన్లలో అంతా సిద్ధం. రత్నమాణిక్యం టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే కరెంటు పోయి వచ్చింది. వరుసలో ముందున్న అప్పలనరసమ్మ పాలు పోసింది. బోర్డు మీద వెన్న సున్నా అని పడింది. నీళ్లు కలిపిన పాలు పోస్తే సభ్యత్వం తీసేయడం అక్కడ రూలు. వెనక ముప్పైమంది చూస్తున్నారు.

"నా గేదె నీళ్లిత్తందేటి? ముప్పయ్యేళ్ల బట్టి పోత్తన్నాను. ఒక్క సుక్క కలిపితే నా సేతులిరిగిపోవాల," అంది అప్పలనరసమ్మ.

హసీనా గబగబా నన్ను తెరిచి, కొత్తదాంట్లో తను పెట్టని ఆ తొంభై సెకన్ల దగ్గర ఆగింది. రిటైరైన భానోజీరావు గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"వెన్న కొలిచే మిషన్ వేడెక్కాలమ్మా. చల్లగా ఉంటే సున్నాయే చూపుతాది," అన్నారాయన.

"దానికి తొంభై సెకన్లా సార్?"

"మిషన్‌కి అరవయ్యే. అప్పట్లో పాలు కొలిచేది కూడా నేనే కదమ్మా, వేరుశనగల చెయ్యి కడుక్కోవద్దా?"

నేను పన్నెండేళ్లు నిష్ఠగా కాపాడిన రహస్యం అది.

ఈ మాటల్లో మిషన్ వేడెక్కింది. అవే పాలు మళ్లీ పోశారు. ఏడు పాయింట్ రెండు. ముప్పైమందీ చదివేదాకా ఆ అంకె మార్చనివ్వలేదు అప్పలనరసమ్మ. చదువు రానివాళ్లకి తనే చదివి వినిపించింది.

హసీనా నన్ను తిరిగి పనిలోకి తీసుకోలేదు. కొత్త మేనేజర్‌కే ఇంకో వరుస రాసింది: మిషన్ వేడెక్కాకే కొలత మొదలుపెట్టు. దాని పక్కన నాలోని హెచ్చరికను ఎత్తి రాసి, కారణం కూడా జోడించింది.

తియ్యొద్దు. తీస్తే అప్పలనరసమ్మ గారికి మీరే సమాధానం చెప్పుకోవాలి.