అత్తగారి ఒళ్ళో రాయి

కోడలి కారు హ్యాండ్‌బ్రేక్ ఎంత లాగినా పేరుకే లేచేది, పట్టేది కాదు. ఇల్లేమో ఏటవాలు వీధిలో. అందుకే కారు ఎక్కడికి బయలుదేరినా ముందు సీట్లో అత్తగారు, ఆవిడ ఒళ్ళో గుడ్డ చుట్టిన రాయి ఉండాల్సిందే. కారు ఆగీ ఆగగానే దిగి చక్రం కింద రాయి పెట్టడం ఆవిడ ఉద్యోగం. రాయి పుణ్యమా అని ఊరంతా చుట్టేసింది.

ఓ సెలవు రోజు ఉదయం కోడలు స్పానర్లు ముందేసుకుంది. "ఇవాళ దీని సంగతి తేల్చేస్తా అత్తయ్యా. మీకింక రాయి మోత తప్పుతుంది."

అత్తగారు రాయిని దగ్గరికి లాక్కుంది. రాయి పోతే సీటూ పోయినట్టే కదా!

"నాకేం బరువే? పసిపిల్లని ఎత్తుకున్నట్టుంటుంది."

కోడలు నవ్వేసి, చదునైన వాకిట్లో ముందు చక్రానికి ఒకవైపు ఆ రాయినీ, మరోవైపు ఓ ఇటుకనీ అడ్డం పెట్టింది. వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపింది. హ్యాండ్‌బ్రేక్ లీవరు కిందికి దించి, దాని తొడుగు ఊడదీసి, కేబుల్ నట్టు బిగించింది. ఉత్సాహం కొద్దీ ఇంకా బిగించింది.

"వెనక చక్రం తిప్పండి అత్తయ్యా, ఫ్రీగా తిరగాలి. పట్టేస్తే రోడ్డు మీద బ్రేకు మాడిపోతుంది."

చక్రం భీష్మించుకుని కూర్చుంది. తిరుగుతోందని చెప్పేస్తే? బ్రేకు మాడుతుంది, రాయి మళ్ళీ ఒళ్ళోకొస్తుంది. ఆ పాడుబుద్ధికి ఆవిడే సిగ్గుపడింది.

"తిరగట్లేదే! మరీ బిగించావు. జడ వేసినా ఇంతే నువ్వు, కళ్ళు పైకిపోయేట్టు లాగుతావు."

కోడలు పకపకా నవ్వి నట్టు కాస్త వదులు చేసింది. ఈసారి చక్రం హాయిగా తిరిగింది. లీవరు లాగితే టక్కున ఆగింది.

కారు దించి వీధి వాలులో పరీక్షించారు. కోడలు హ్యాండ్‌బ్రేక్ వేసి, పెడల్ మీంచి కాలు తీసింది. కారు అంగుళం జరగలేదు. అత్తగారు చప్పట్లు కొట్టింది. ఎంతైనా తను తిప్పి చూసిన చక్రమాయె! ఆ తర్వాత రాయి ఎత్తుకుని మెల్లగా ఇంట్లోకి నడిచింది.

"ఎక్కడికి? షికారుకెళ్దాం, రాయి అక్కడ పడేసి రండి."

"రాయి లేకుండా నేనెందుకే?"

"గేరులో ఉంచి ఆపితే రాయి లేకపోయినా కారు జారదు, ఆ మాత్రం నాకు తెలీదనుకున్నారా? రాయి కోసం కాదత్తయ్యా, మీ కబుర్ల కోసం తీసుకెళ్ళాను ఇన్నాళ్ళూ."

అత్తగారు రాయిని గేటు పక్కన పెట్టి, జుట్టు సవరించుకుని దర్జాగా ఎక్కింది. ఒళ్ళో బరువు లేకపోయేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక, వీధి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది.