బోణీ నోట్లు దాచిన పోపులపెట్టె

నేను ఒక పోపులపెట్టెను. గుండ్రటి స్టీలు ఒళ్ళు, లోపల ఏడు గిన్నెలు. ఏ ఊళ్ళో పుట్టానో గుర్తులేదు కానీ, రేకును సాగగొట్టే మిషను చప్పుడు మాత్రం గుర్తుంది. లారీ ఎక్కి తణుకులో సామాన్ల కొట్టుకి చేరితే, అప్పాయమ్మ గంటసేపు బేరమాడి నన్ను కొంది. ఇరవై ఏళ్ళు వాడి, నిండా సొట్టలు పెట్టి, కోడలు భూలక్ష్మికి అప్పగించింది. ఆవాలూ జీలకర్రా తప్ప నాకేం తెలుసులే అనుకోకండి. ఆ ఇంట్లో నోరు మూసుకుని పని చేసింది నేనొక్కదాన్నే.

భూలక్ష్మిది బస్టాండు ఎదురుగా పునుగుల బండి. మొదటి ప్లేటుకి వచ్చిన ఇరవై రూపాయల నోటు కళ్ళకద్దుకుని విడిగా దోపుకునేది. ఇంటికి రాగానే నా గిన్నెలు తీసి, అడుగునున్న పళ్ళెం కింద పెట్టేది. ప్రళయం వచ్చినా బోణీ నోటు ఖర్చు చేయకూడదని ఆవిడ పట్టు. ఒకటో తారీకు రాగానే ఆ ఆరువందలూ పోస్టాఫీసులో అయిదేళ్ళ ఖాతాకి వెళ్ళేవి. పాసుపుస్తకం నా దగ్గరే ఉండేది.

"ఇరవై రూపాయలు దాసి మేడలు కట్టేత్తావా?" అని అప్పాయమ్మ ఎగతాళి చేసేది. ఎక్కడ దాస్తోందో మాత్రం ఆవిడకి తెలియదు. అత్తకి చెబితే వీధంతటికీ చెప్పినట్టేనని కోడలి భయం.

ఈ మనుషుల తీరు నాకు భలే నవ్వు తెప్పిస్తుంది. ఖర్చులు పోగా మిగిలింది దాస్తామంటారు. ఎవరికి మిగిలింది గనక? భూలక్ష్మి ముందు దాచేది, మిగిలినదాంతో సంసారం ఈదేది. శనగపిండి బస్తాగా కొంటే కిలోకి నాలుగు రూపాయలు కలిసొస్తాయని బస్తాయే తెచ్చేది. వాయిదాల మీద గరిటె కూడా కొనలేదు. ఒకసారి ముసురు పట్టి వారం రోజులు బండి కదల్లేదు. ఇంట్లో పచ్చడి మెతుకులే. ఆవిడ నా మూత తీసి, అడుగు పళ్ళెం మీద వేలు పెట్టి, కాసేపు అలాగే నిలబడింది. తర్వాత చిటికెడు జీలకర్ర తీసుకుని మూత పెట్టేసింది. హమ్మయ్య అనుకున్నాను.

అయిదేళ్ళూ నిండిన నెలలోనే పిడుగులాంటి కబురొచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తారట, బండ్లన్నీ తీసేయాలట. ఎదుటి వరసలో ఒక గది ఖాళీగా ఉంది. పదిహేనో తారీకులోగా నలభై వేలు అడ్వాన్సు ఇవ్వకపోతే సెల్‌ఫోన్ల కొట్టుకి ఇచ్చేస్తానన్నాడు గది ఆసామి. అది దక్కకపోతే భూలక్ష్మికి బతుకుతెరువే లేదు. ఖాతాలో వడ్డీతో కలిపి నలభై రెండు వేలు దాటాయి, తీసుకోవడమే తరువాయి.

అయిదో తారీకు పొద్దున భూలక్ష్మి బజారుకెళ్ళింది. పాత సామాన్లవాడు వీధిలో కేక వేశాడు. కొత్త కొట్టులోకి సొట్టల పెట్టె తీసుకెళ్తే అచ్చిరాదని అప్పాయమ్మకి అప్పుడే తట్టింది! గిన్నెలు దులిపి, నన్ను వాడి చేతిలో పెట్టి, ఎర్ర ప్లాస్టిక్ టబ్బు తీసుకుని మురిసిపోయింది. అడుగు పళ్ళెం ఎత్తి చూడాలన్న బుద్ధి పుట్టలేదు మహాతల్లికి.

పాత ఇనుము కొట్టులో నన్ను దిమ్మ మీద పెట్టి సుత్తితో ఒక్కటిచ్చారు. పళ్ళెం ఎగిరిపడి, ఆ నెల బోణీ నోట్లు నాలుగూ నేల మీద పడ్డాయి. రెండో దెబ్బకి పాసుపుస్తకం నా మడతలో ఇరుక్కుపోయింది. నా నొప్పి సంగతి అటుంచండి, భూలక్ష్మి గది పోయిందే అని ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే గుండెలు బాదుకుంటూ అప్పాయమ్మ వచ్చింది. వెనకాలే భూలక్ష్మి. కొట్టువాడు ఎంత లాగినా పుస్తకం పేలికలుగానే ఊడొచ్చింది.

"అయ్యో అయ్యో, నా సేతులారా నీ కొట్టు నేనే పోగొట్టానే!" అని అప్పాయమ్మ అక్కడే కూలబడింది.

"ఊరుకో అత్తా! పెట్టెలో పుస్తకం ఉందని సెప్పగానే పాత సామాన్లోడి కోసం వీధులన్నీ ఎతుకుతూ పరిగెత్తావు. నేను పోస్టాఫీసుకెళ్ళే వత్తున్నాను. డబ్బు పుస్తకంలో ఉండదంట, నా పేరు మీద ఉంటదంట. రెండ్రోజుల్లో ఇంకో పుస్తకం ఇచ్చి, డబ్బు కూడా ఇత్తామన్నారు."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

అప్పాయమ్మ ఏడుపూ నవ్వూ కలిపేసి కోడల్ని వాటేసుకుంది. నా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. అయిదేళ్ళూ డబ్బంతా నేనే కాస్తున్నానని విర్రవీగాను. నేను నుజ్జయినా ఆవిడ సొమ్ముకి చీమంత నష్టం లేదట! రేపు నన్ను కొలిమికి పంపుతారు. నిశ్చింతగా పోతాను.

వెళ్ళబోతూ అప్పాయమ్మ నేల మీది నాలుగు నోట్లూ ఏరి, కళ్ళకద్దుకుని, కొంగున ముడేసుకుంది.

"ఒకటో తారీకు దాకా ఇయ్యి నా దగ్గరుంటాయే," అంది కోడలితో. "భయపడకు, నన్నెవడూ తూకానికి కొనడు."