కుడివైపు రెండు చుట్లు

సోమన్న ఇంజను ముందు గొంతుక్కూర్చుని, చెవి మీది సుద్దముక్క తీసి, రేకు మీద కుడివైపుకి ఒక బాణం గీశాడు. ఇరవయ్యేళ్లుగా అరకులో ఇదే పని చేస్తున్నవాడికి ఇంజను ఎటు తిరుగుతుందో తెలియక కాదు. ఆ బాణం గీయందే అతని చెయ్యి హ్యాండిలు ముట్టదు, అంతే.

బండి రత్నాలు భర్తది, పాత డీజిలు అంబాసిడరు. నిన్న ఘాటీ ఎక్కుతుంటే ఇంజనులో వాల్వుల్ని నడిపే టైమింగు చైను సాగిపోయి గలగలలాడింది. వాళ్లు వచ్చింది రత్నాలు తండ్రి జగన్నాథరావుని విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోవడానికి. ఈ షెడ్డు పెట్టినవాడూ, సోమన్నకి పని నేర్పినవాడూ ఆయనే. గుండె బాగాలేదు, సాయంత్రంలోగా చేర్చాలి. వేరే బండి మాట్లాడతామంటే ససేమిరా అన్నాడు. పంతం పడితే ఆయన బ్రహ్మదేవుడి మాటా వినడు. "సోమన్న కట్టిన బండిలోనే కొండ దిగుతాను" అని షెడ్డులోనే నులకమంచం వేయించుకుని పడుకున్నాడు.

సోమన్న కొత్త చైనుని రెండు పళ్లచక్రాలకీ తొడిగి లోపల కూర్చోబెట్టాడు. పెద్దదాని మీదొక చుక్క, చిన్నదాని మీదొక చుక్క. అవి రెండూ ఎదురెదురుగా నిలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి సరిగా లాగదు. ఇంకా తప్పితే పిస్టన్లు వాల్వుల్ని కొట్టి ఇంజను పోతుంది. చుక్కల్ని గోటితో తడిమి చూసుకున్నాడు.

పనిలో చేరిన కొత్తలో ఒకసారి తప్పింది. కలప కంట్రాక్టరు కారు అది. సోమన్న చిన్నప్పట్నుంచీ తల్లితో చోళ్లు విసిరిన చేతితో, తిరగలి తిప్పినట్టే ఇంజనుని ఎడమకి తిప్పేశాడు. చైను వదులై పళ్లు దాటేసింది. స్టార్టు చేయగానే వాల్వులు వంగిపోయాయి. కంట్రాక్టరు చెయ్యెత్తితే జగన్నాథరావు అడ్డం వచ్చాడు. "నేనే తిప్పేను బాబూ. రేతిరి తాగింది దిగనేదు."

కంట్రాక్టరు తన బళ్లన్నీ వేరే షెడ్డుకి మార్చేశాడు. తాగుబోతు మేస్త్రి అన్న పేరు మాత్రం జగన్నాథరావుకి ఉండిపోయింది. మర్నాడు ఆయన సోమన్నని ఒక్క దెబ్బ వేయలేదు. సుద్దముక్క చేతికిచ్చి, "ఇంటికాడ తిరగలి అటు, ఇక్కడ ఇటు. గీసుకో" అన్నాడు. సోమన్న మొదట భయంతో, తర్వాత సిగ్గుతో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు హ్యాండిలు పట్టుకుని కుడివైపు నిదానంగా రెండు చుట్లు తిప్పాడు. చుక్కలు మళ్లీ ఎదురెదురుగా వచ్చి నిలిచాయి. మూత బిగించి, మిగతావన్నీ ఎక్కించి, లేచి నిలబడ్డాడు. ఆయన కొండ దిగిపోతే ఇక చెప్పే వేళ రాదనిపించింది.

"రత్నాలమ్మా, ఆ దినం కంట్రాక్టరు బండి పాడు సేసింది మీ నాన్న కాదమ్మా. నేనే. ఆయన తాగనేదు."

రత్నాలు తండ్రి వైపు తిరిగింది. "ఏటి నాన్నా? అమ్మ సచ్చిపోయినదాకా నిన్ను తిట్టింది గదా! ఒక్కపాలైనా సెప్పలేదేటి?"

"తిట్లు నాకు కొత్తేటే? ఈడికి పని పోతే మళ్లీ కొండెక్కి పోడు కొట్టుకునీవోడు. అంత మంచి సెయ్యి." ముసలాయన ఆయాసపడ్డాడు. "బేగి స్టార్టు సెయ్యరా."

ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నందుకు సోమన్నకి ఏడుపొచ్చింది. తాళం తిప్పాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకుని ఒకే తీరుగా నడిచింది. జగన్నాథరావు కళ్లు మూసుకుని కాసేపు విని, తలాడించాడు. సోమన్న ఆయన్ని రెండు చేతులతో ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాడు. రత్నాలు తండ్రి తల ఒళ్లో పెట్టుకుంది, భర్త స్టీరింగు పట్టాడు.

పొద్దు వాలుతుండగా పక్క ఎస్టీడీ బూతుకి ఫోను వచ్చింది.

"బాబాయ్, నాన్న పోయాడు. ఘాటీలో టైడా దాటినాక, నిద్దట్లోనే. బండి ఎక్కడా ఆగనేదు." అవతల రత్నాలు ముక్కు చీదుకుంది. "నువ్వు సెప్పబట్టి, దారంతా నేను ఆయన సెయ్యి పట్టుకుని ఒగ్గనేదు బాబాయ్."

సోమన్న షెడ్డులోకి తిరిగొచ్చి మంచం ఎత్తి గోడకి ఆనించాడు. దాని కింద మేస్త్రి రబ్బరు చెప్పులున్నాయి, అయిదు వేళ్ల అచ్చులూ దిగి, వాకిలి వైపు తిరిగి.